మహామాంద్యం నాటి ఊరి సభాభవనాలు

అమెరికా చిన్న పట్టణాల్లో బజారు వీధిలోనో, రైలు స్టేషనుకు కూతవేటు దూరంలోనో రాతితోనో ఇటుకతోనో కట్టిన ఒక బరువైన భవనం తరచు కనిపిస్తుంది. మూలరాయి మీద 1936 అనో 1938 అనో చెక్కి ఉంటుంది. వాకిలి పక్కన చిన్న కంచు పలక మీద డబ్ల్యూపీఏ అనే పొడి అక్షరాలు ఉంటాయి. అది ఆ ఊరి సభాభవనం. పురపాలక సంఘం కూర్చునేది అక్కడే, బడిపిల్లలు నాటకం ఆడేది అక్కడే. చలికాలంలో బాస్కెట్‌బాల్ పోటీలు, శనివారం రాత్రి డాన్సులు, ఎన్నికల రోజున ఓటింగు, పెళ్లి విందులు, సంతాప సభలు అన్నీ అక్కడే జరిగేవి.

ఇలాంటి భవనాల్లో చాలా భాగం 1933, 1943 సంవత్సరాల మధ్య, ఉపాధి పోయినవాళ్లకు పని చూపించడానికి ప్రభుత్వం నడిపిన పథకాల కింద లేచినవి. ఆ పథకాల్లో పెద్దది వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్, పొట్టిగా డబ్ల్యూపీఏ. అది తన ఎనిమిదేళ్ల ఆయుష్షులో కొత్తగా సుమారు 40,000 భవనాలు కట్టింది, మరో 85,000 భవనాలను బాగుచేసింది. కొత్తవాటిలో 5,900 బళ్లు, 1,000 గ్రంథాలయాలు, 900 సైనిక దళ భవనాలు ఉన్నాయి. సభామందిరాలు, వ్యాయామశాలలు, వినోద భవనాలు కలిసి 9,300. ఊరి సభాభవనాలు ఎక్కువగా ఈ చివరి పద్దు కిందికే వస్తాయి. సైనిక దళ భవనాలు, బడి హాళ్లు కూడా చాలా చోట్ల ఊరికి సభాభవనాలుగానే పనికొచ్చాయి.

కష్టకాలంలో ఉచితంగా తిండిగింజలో డబ్బో ఇవ్వకుండా, పని చేయించుకుని కూలి ఇవ్వడం ఈ పథకాల మూలసూత్రం. తెలుగు నాట దీనికి ‘కరువు పని’ అనే పాత మాట ఉంది. కరువు కాలంలో చెరువు గట్లు వేయించి, రోడ్ల మీద కంకర కొట్టించి కూలి పంచడం ఇక్కడివాళ్లకు తెలిసిన సంగతే. అమెరికాలో అంతకుముందు ఇంత పెద్ద ఎత్తున జాతీయ ప్రభుత్వం ఆ పని చేయలేదు. చేసినప్పుడు రోడ్లు, మురుగుకాల్వలతో ఆగకుండా నాటకాల రంగస్థలాలు కూడా కట్టించింది.

నేపథ్యం

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ల మార్కెట్టు కుప్పకూలింది. 1933 నాటికి పని చేయగలిగిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. పెద్ద నగరాల్లో రొట్టె కోసం నిలబడ్డ బారుల ఫొటోలు లోకమంతా చూసింది. చిన్న పట్టణాల కష్టం అంతగా కంటికి ఆనలేదు. అక్కడ పంట ధర పడిపోగానే రైతు అప్పు తీర్చలేకపోయాడు. అప్పు తీరక బ్యాంకు మూతపడింది. బ్యాంకు పోయాక దుకాణదారు పోయాడు, చివరికి పన్ను కట్టేవాడే లేకుండా పోయాడు. పేదలను ఆదుకోవాల్సిన బాధ్యత ఊరిదీ కౌంటీదీ. వాటి ఖజానాలే ఖాళీ. మైదాన రాష్ట్రాల్లో ఆ మీద వానలు లేక, దుమ్ము తుపానులు రేగాయి.

అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ కాలంలో, 1932 జులైలో, రాష్ట్రాలకు సాయం కోసం 30 కోట్ల డాలర్లు అప్పుగా ఇచ్చే చట్టం వచ్చింది. 1933 మార్చిలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ గద్దెనెక్కాక అప్పుల స్థానంలో గ్రాంట్లు మొదలయ్యాయి. ఆ ఏడాది మేలో ఏర్పడిన సహాయ సంస్థకు 50 కోట్ల డాలర్లు ఇచ్చి, హ్యారీ హాప్కిన్స్‌ను అధిపతిగా పెట్టారు. హాప్కిన్స్ అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ అనే చిన్న ఊళ్లో పెరిగినవాడు, సంఘసేవ వృత్తిగా చేసినవాడు. 1933 నవంబరులో ఆయన చేతుల మీదుగా మొదలైన సివిల్ వర్క్స్ అడ్మినిస్ట్రేషన్ రెండు నెలలు తిరిగేసరికి 40 లక్షల మందికి పైగా పని చూపించింది. చలికాలం గట్టెక్కించడం దాని పని. 1934 మార్చి నాటికి దాన్ని మూసేశారు. ఇంత తక్కువ వ్యవధిలో పెద్ద భవనాలు లేవవు కాబట్టి, బడికి సున్నం వేయడం, రోడ్డు గుంటలు పూడ్చడం లాంటి పనులే ఎక్కువ జరిగాయి.

మరో వైపు 1933 జూన్‌లోనే 330 కోట్ల డాలర్లతో పబ్లిక్ వర్క్స్ అడ్మినిస్ట్రేషన్ మొదలైంది. దాని అధిపతి హెరాల్డ్ ఇకీస్ ప్రతి పైసాకూ లెక్క అడిగే మనిషి. ఆ సంస్థ ఊరికి గ్రాంటు ఇచ్చేది, మిగతాది ఊరు బాండ్లు అమ్మి తెచ్చుకోవాలి. మొదట్లో ఆ గ్రాంటు 30 శాతం, 1935 నుంచి 45 శాతం. పనిని టెండరు పిలిచి గుత్తేదారుకు ఇచ్చేవారు. గుత్తేదారు తనకు నచ్చిన నిపుణులైన పనివాళ్లను పెట్టుకునేవాడు. కట్టడాలు గట్టిగా, అందంగా వచ్చేవి. కానీ ఊళ్లో పస్తులున్న మనిషికి ఆ కూలి చేరుతుందన్న భరోసా ఉండేది కాదు.

1935 ఏప్రిల్‌లో కాంగ్రెసు 488 కోట్ల డాలర్ల సహాయ నిధి చట్టం చేసింది. ఆ డబ్బుతో మే 6న అధ్యక్షుడి ఉత్తర్వు ద్వారా డబ్ల్యూపీఏ పుట్టింది. దాన్ని కూడా హాప్కిన్స్‌కే అప్పగించారు. ఇది గుత్తేదారును పక్కనపెట్టి, ప్రభుత్వమే నేరుగా కూలి ఇచ్చే పద్ధతి. పనిలోకి తీసుకునేవాళ్లలో పదికి తొమ్మిది మంది సహాయం పొందేవాళ్ల జాబితాలోంచే రావాలి. రెండు సంస్థల పొడి అక్షరాలూ అవే, వాటి వరస మాత్రమే వేరు కావడంతో, నేటికీ చాలా ఊళ్లలో తమ భవనం ఏ సంస్థ కట్టించిందో తారుమారుగా చెబుతుంటారు. కంచు పలక చూస్తే గాని తేలదు.

డబ్బు ఎలా కుదిరేది

ఈ భవనాల రూపాన్ని వాస్తుశిల్పి కన్నా ముందు జమాఖర్చు పద్దే నిర్ణయించింది. ఆ పద్దు అర్థమైతే రాతిగోడలు ఎందుకు, మూడేళ్ల ఆలస్యం ఎందుకు, ఒకే హాలులో ఇన్ని పనులు ఎందుకు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

డబ్ల్యూపీఏ తనంతట తాను ఏ ఊరికీ వచ్చి భవనం కట్టలేదు. ఊరే అడగాలి. అడిగేది పురపాలక సంఘమో, కౌంటీయో, బడి బోర్డో, ఏదో ఒక ప్రభుత్వ సంస్థ అయి తీరాలి. చర్చి గానీ, క్లబ్బు గానీ, మాజీ సైనికుల సంఘం గానీ సొంతంగా అడగడానికి వీల్లేదు. అందుకని చాలా చోట్ల మాజీ సైనికులు ఊరి పెద్దల వెంట పడి, పురపాలక సంఘం పేరు మీద దరఖాస్తు పెట్టించారు. స్థలం, నక్షా, సామాగ్రిలో పెద్ద భాగం ఊరు తెచ్చుకోవాలి. కూలి మొత్తం, సామాగ్రిలో కొంత కేంద్రం భరిస్తుంది. దరఖాస్తు జిల్లా కార్యాలయం నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి వాషింగ్టన్‌కు వెళ్లి, అధ్యక్షుడి ఆమోదం పొంది తిరిగి రావాలి. ఆమోదం వచ్చినంత మాత్రాన పని మొదలవదు. ఆ సమయానికి ఆ చుట్టుపక్కల ఎంతమంది పని లేకుండా ఉన్నారో చూసి, ఏ పని ముందు ఎత్తుకోవాలో రాష్ట్ర అధికారులు తేల్చేవారు.

ఊరు ఎంత పెట్టాలన్నది మొదట్లో బేరసారాల మీద నడిచింది. 1939 చట్టం మొత్తం ఖర్చులో నాలుగో వంతు స్థానికంగా రావాలని బిగించింది. ఎనిమిదేళ్లూ కలిపి చూస్తే స్థానిక వాటా సుమారు ఐదో వంతు. ఆ కాలంలో చిన్న ఊరికి అదీ భారమే. బాండ్లు అమ్మాలంటే ఓటర్లు ఒప్పుకోవాలి. ఊరు నగదు బదులు క్వారీ రాయి, ఇసుక, పాత భవనం కూల్చిన ఇటుక, పురపాలక ట్రక్కు అద్దె లెక్కగట్టి తన వాటాలో చూపించుకునేది.

కూలి డబ్బు కేంద్రానిది, సామాను డబ్బు ఊరిది. అంటే సామాను ఎంత చవకైతే ఊరికి అంత లాభం. పని ఎంత ఎక్కువగా పడితే అంతమందికి కూలి. ఈ రెండూ కలిసే పదార్థం పొలంలో ఊరికే పడి ఉన్న రాయి. ఉక్కు దూలాలు కొంటే డబ్బు పిట్స్‌బర్గ్‌కు పోతుంది. రాయి ఏరి, మోసి, పగలగొట్టి, చెక్కి పేరిస్తే డబ్బంతా ఊళ్లోనే ఉంటుంది. మామూలు కాలంలో ఏ గుత్తేదారూ ఇంత శ్రమ పట్టే గోడ కట్టడు. మాంద్యంలో అదే చవకైన గోడ అయింది.

కట్టిన తీరు

అందుకే ఈ భవనాలు ప్రాంతాన్ని బట్టి రంగు మారుతాయి. ఓక్లహోమాలో గోధుమ రంగు ఇసుకరాయి, మిన్నెసోటాలో హిమానీనదాలు దొర్లించి వదిలిన గ్రానైట్ గుండ్లు, న్యూ మెక్సికోలో మట్టి ఇటుక, దక్షిణ కొండ ప్రాంతాల్లో దుంగలు. రాయి దొరకని చోట కాంక్రీటు పోతపోశారు. పట్టణపు పోకడలున్న చోట బల్లపరుపు పైకప్పు, గోడలోంచి కాస్త ముందుకు వచ్చిన నిలువు పట్టీలు, వాకిలి పైన ఒకటి రెండు చెక్కుడు బొమ్మలు కనిపిస్తాయి. చరిత్రకారులు దీన్ని ఆ సంస్థల పేరుతోనే ఒక శైలిగా లెక్కిస్తారు. నిజానికి అది శైలి కన్నా పొదుపు. అలంకారం తీసేయగా మిగిలిన గోడ అది.

మిన్నెసోటా రాష్ట్రంలోని మిలాకా ఊరు ఇందుకు మంచి ఉదాహరణ. పెద్ద సరస్సు మిల్ లాక్స్ పేరు అరిగిపోయి మిలాకా అయింది. ఊరి జనాభా నేటికీ మూడు వేల చిల్లర. అక్కడి పురపాలక సభాభవనాన్ని డబ్ల్యూపీఏ 1936లో పొలాల రాళ్లతో కట్టించింది. ఆ ప్రాంతంలో ప్రతి వసంతంలోనూ మంచు కరిగాక దుక్కిలోంచి కొత్త రాళ్లు పైకి తేలుతాయి. రైతులు తరతరాలుగా వాటిని ఏరి పొలం గట్టున గుట్టలు పోస్తూ వచ్చారు. ఆ రాళ్ల గుట్టలు ఎవరికీ అక్కర్లేనివి. అలాంటి గుండును అలాగే పేరిస్తే గోడ నిలవదు. దానికి వరసగా బెజ్జాలు పెట్టి, ఇనుప చీలలు దిగ్గొట్టి, రెండుగా పగలగొట్టాలి. పగిలిన ముఖం బయటికి, గుండ్రటి వీపు లోపలికి వచ్చేలా పేరుస్తారు. పగిలిన ముఖాల్లో గులాబీ, బూడిద, నలుపు, పచ్చ రంగులు బయటపడతాయి. ఒక్కో రాయి ఒక్కో ఆకారం కాబట్టి రాయికీ రాయికీ మధ్య సిమెంటు గీతలు ఎలా పడితే అలా మెలికలు తిరుగుతాయి. దగ్గరికి వెళ్లి చూస్తే కొన్ని చోట్ల ఆ గీత సన్నగా, చేయి తిరిగినవాడి పనిలా ఉంటుంది. మరో మూర దూరంలో సిమెంటు మందంగా ఉబ్బి ఉంటుంది. పని నేర్చుకుంటూ కట్టిన గోడలకు అదే గుర్తు.

చేయి తిరిగిన మేస్త్రీలు ఎప్పుడూ తక్కువే. నెల కూలి పని స్థాయిని బట్టీ, ప్రాంతాన్ని బట్టీ 19 డాలర్ల నుంచి 94 డాలర్ల దాకా ఉండేది. దక్షిణాది పల్లెల్లో మామూలు కూలీకి కిందిది, ఉత్తరాది నగరాల్లో వృత్తి నిపుణులకు పైది. ఆ మొత్తాన్ని ‘భద్రతా వేతనం’ అనేవారు. బతకడానికి సరిపోవాలి, బయట పని దొరికితే వదిలి వెళ్లాలనిపించాలి అన్నది ఉద్దేశం. 1936 నుంచి గంట కూలి మాత్రం బయటి మార్కెట్టుతో సమానంగా ఇవ్వాలన్న నియమం వచ్చింది. దాని ఫలితం విచిత్రంగా ఉండేది. మేస్త్రీ గంట కూలి ఎక్కువ కాబట్టి నెలలో కొన్ని రోజులకే అతని వేతనం నిండిపోయేది, ఇంటికి వెళ్లిపోయేవాడు. తట్ట మోసేవాడు నెలంతా ఉండేవాడు. గోడ పేర్చేవాడు లేకుండా రాళ్లు మోసి చేసేదేమిటి? 1939లో అందరికీ నెలకు 130 గంటలు అని ఒకే లెక్క పెట్టారు. అప్పుడు నిర్మాణ కార్మిక సంఘాలు దేశమంతటా సమ్మెకు దిగాయి.

పనిగంటల గొడవ అలా ఉంటే, పంట కోతల కాలంలో కూలీలను పొలాలకు పంపేసేవారు. రాష్ట్రానికి కేటాయించిన కోటా తగ్గితే పని మధ్యలో ఆగిపోయేది. 1939 తర్వాత, ఎడతెగకుండా 18 నెలలు పని చేసినవాణ్ని తీసేయాలన్న నిబంధన కూడా తోడైంది. ఆరు నెలల్లో అయ్యే భవనం రెండేళ్లు, మూడేళ్లు పట్టడానికి కూలీల బద్ధకం కన్నా ఈ నియమాలే పెద్ద కారణం.

లోపలి అమరిక

చిన్న ఊరికి నాలుగు భవనాలు కట్టే స్తోమతు లేదు. అందుకని ఒక్కదాంట్లోనే అన్నీ ఇమిడ్చారు. మామూలు అమరికలో మధ్య హాలు నేల చదునుగా, చెక్కతో ఉంటుంది. ఒక చివర రంగస్థలం, ఎదురు చివర మేడ. చెక్క నేల మీద బాస్కెట్‌బాల్ గీతలు. కుర్చీలు మడతపెట్టేవి, ఆటల రోజున వాటిని రంగస్థలం కింద ఉన్న అరల్లోకి తోసేస్తారు. నేలమాళిగలో వంటగది, భోజనాల గది. ముందు భాగంలో పురపాలక గుమస్తా గది, ఒక చిన్న గ్రంథాలయం. కొన్ని చోట్ల పక్కనే అగ్నిమాపక బండికి షెడ్డు, ఒకటి రెండు లాకప్పు గదులు. నాటకానికి వాలు నేల కావాలి, ఆటకు చదును నేల కావాలి. అన్ని పనులకూ సరిపెట్టిన హాలు ఏ ఒక్క పనికీ పూర్తిగా నప్పలేదన్నది నిజం. రంగస్థలం మీద మాటలు వెనక వరసకు వినపడవు, బంతి వెళ్లి నాటకం తెరకు తగులుతుంది.

భవనం పూర్తయ్యాక దాన్ని నడిపే మనుషులను కూడా చాలా ఊళ్లకు డబ్ల్యూపీఏనే ఇచ్చింది. ఆటలు నేర్పేవాళ్లు, గ్రంథాలయ సహాయకులు, సంగీత బృందాలు, బడిపిల్లలకు మధ్యాహ్నం వేడి భోజనం వండే ఆడవాళ్లు అందరూ అదే వేతన పట్టీలో ఉండేవారు. కుటుంబానికి ఒక్కరికే పని అన్న నియమం వల్ల, ఇంటి భారం మోసే ఆడవాళ్లకే ఆ పట్టీలో చోటు దొరికేది. వాళ్లలో ఎక్కువ మంది కుట్టుపని కేంద్రాల్లో పనిచేశారు.

డబ్ల్యూపీఏకు అనుబంధంగా 1935 జూన్‌లో మొదలైన నేషనల్ యూత్ అడ్మినిస్ట్రేషన్ 16 నుంచి 25 ఏళ్ల యువతకు పని చూపించింది. దక్షిణ రాష్ట్రాల్లో చిన్న దుంగల సభాగృహాలు, చేతివృత్తి శాలలు ఈ కుర్రాళ్లు కట్టినవే. టెక్సాస్‌లో దానికి తొలి సంచాలకుడు 26 ఏళ్ల లిండన్ జాన్సన్, తర్వాతి కాలపు అధ్యక్షుడు.

గోడల మీది బొమ్మలు

మాంద్యం నాటి బొమ్మలనగానే చాలామందికి తపాలా కార్యాలయాల గోడలు గుర్తొస్తాయి. అవి డబ్ల్యూపీఏవి కావు. ఆర్థిక శాఖ 1934లో పెట్టిన వేరే విభాగం పోటీలు పెట్టి వాటిని వేయించింది. డబ్ల్యూపీఏ కింద 1935 ఆగస్టులో మొదలైన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు పని లేని చిత్రకారులకు నెల వేతనం ఇచ్చి బళ్లకూ, ఆసుపత్రులకూ, సభాభవనాలకూ బొమ్మలు వేయించింది. మిలాకా భవనం లోపల ఆండ్రే బొరాట్కో వేసిన గోడచిత్రాలు ఆ ఊరి పుట్టుపూర్వోత్తరాలు చెబుతాయి.

దక్షిణ డకోటాలోని మోబ్రిడ్జ్ కథ ఇంకా విలువైనది. మిస్సోరి నది మీద రైలు వంతెన కట్టినప్పుడు తంతివాళ్లు ఆ చోటును పొట్టిగా ‘ఎంఓ బ్రిడ్జ్’ అని పిలిచేవారు. అదే ఊరి పేరైంది. ఇది కూడా మూడు వేల చిల్లర జనాభా ఉన్న ఊరే. 1930ల నడుమ డబ్ల్యూపీఏ ఇక్కడ పురపాలక ఆడిటోరియం కట్టింది. నదికి అవతలి గట్టున స్టాండింగ్ రాక్ సూ తెగల ప్రాంతం. హాలు కట్టిన కొన్నేళ్లకు, 1942లో, దాని గోడల మీద పది పెద్ద చిత్రాలు వేసే పని ఆస్కర్ హౌ అనే 27 ఏళ్ల యువకుడికి అప్పగించారు. హౌ యాంక్టొనాయ్ డకోటా తెగవాడు. 1915లో క్రో క్రీక్ రిజర్వేషన్‌లో పుట్టాడు. శాంటా ఫేలోని మూలవాసుల బడిలో డొరతీ డన్ దగ్గర చిత్రలేఖనం నేర్చుకుని 1938లో బయటికి వచ్చాడు. 1940లో మిచెల్ పట్టణపు గ్రంథాలయం గుమ్మటం లోపల బొమ్మ వేశాడు. గోడచిత్రాల పని నేర్చుకోవడానికి ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్‌కు వెళ్లివచ్చాడు.

మోబ్రిడ్జ్ హాలుకు ఒక వైపు గోడ మీద సూ తెగల ఆచారాలు, క్రతువులు, ఎదురు గోడ మీద మిస్సోరి తీరపు చరిత్ర. బొమ్మలు మనుషుల తలలకు చాలా పైన, ప్రేక్షకుల గ్యాలరీల మీదుగా ఉంటాయి. బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల చప్పుడు మీద గుర్రాలు, నాట్యగాళ్లు, పడవలు కదిలినట్టుంటాయి. ఆ కాలపు గోడచిత్రాల్లో మూలవాసులు సాధారణంగా వలస బండ్లకు అడ్డం వచ్చే మనుషులుగానో, పక్కన మౌనంగా నిలబడే సాక్షులుగానో కనిపిస్తారు. తెల్లవాళ్ల ఊరి హాలులో ఒక డకోటా చిత్రకారుడు తన వాళ్ల క్రతువులను తన పద్ధతిలో వేయగలగడం అరుదు. ఆ పని ముగించి హౌ సైన్యంలో చేరి ఐరోపా యుద్ధరంగానికి వెళ్లాడు. తర్వాత దక్షిణ డకోటా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఇరవయ్యో శతాబ్దపు మూలవాసి చిత్రకళలో పెద్ద పేరుగా నిలిచి 1983లో మరణించాడు.

మేరీలాండ్‌లోని గ్రీన్‌బెల్ట్‌ది వేరే దారి. అది ఉన్న ఊరికి హాలు కట్టడం కాదు, ఊరినే కొత్తగా కట్టడం. పునరావాస సంస్థ అనే మరో ప్రభుత్వ విభాగం అదే 1935 నిధితో, వాషింగ్టన్ చుట్టుపక్కల పని లేనివాళ్లతో 885 ఇళ్లు కట్టించింది. మధ్యలో ఒకే భవనం పగలు బడి, సాయంత్రం ఊరి సభాగృహం. దాని గోడ మీద శిల్పి లెనోర్ థామస్ సున్నపురాతిలో చెక్కిన పలకలు అమెరికా రాజ్యాంగ పీఠికలోని ఆశయాలను కూలీలు, రైతులు, కుటుంబాల బొమ్మలుగా చూపిస్తాయి.

ఎవరి హాలు

రాతి మీద ‘ప్రజలం’ అని చెక్కిన ఆ గ్రీన్‌బెల్ట్‌ను కట్టిన కూలీల్లో నల్లజాతివారూ ఉన్నారు. 1937లో ఇళ్లు పంచినప్పుడు తెల్లజాతి కుటుంబాలకే ఇచ్చారు.

డబ్ల్యూపీఏ పనుల్లో ఏ కారణంగానూ వివక్ష చూపకూడదని 1935 మేలోనే అధ్యక్షుడి ఉత్తర్వు ఉంది. ఉత్తరాది నగరాల్లో అది కొంత వరకు అమలైంది. దక్షిణాదిలో ఎవరిని జాబితాలో చేర్చాలో, ఎవరికి ఏ స్థాయి కూలి ఇవ్వాలో తేల్చేది స్థానిక అధికారులే. పత్తి ఏరే కాలం రాగానే నల్లజాతి కూలీల పేర్లను ముందు కొట్టేసేవారు. కట్టిన సభాభవనాన్ని నడిపేది ఊరి పురపాలక సంఘం కాబట్టి, ఊరి చట్టమే దాని చట్టం. చాలా చోట్ల రాళ్లు మోసిన మనిషికి లోపలికి ప్రవేశం లేదు, ఉన్నా మేడ మీదికే. కొన్ని పట్టణాల్లో నల్లజాతివారికి వేరే హాలు కట్టారు, దాదాపు ఎప్పుడూ చిన్నదే. ఈ భవనాల గురించి మురిపెంగా రాసే స్థానిక చరిత్రలు ఈ సంగతి దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తుంటాయి.

విమర్శలు

పథకం మీద ఎగతాళి మొదటి రోజు నుంచీ ఉంది. పార మీద వాలి నిలబడ్డ కూలీ బొమ్మ పత్రికల కార్టూన్లలో స్థిరపడింది. డబ్ల్యూపీఏ అన్న అక్షరాలకు ‘వుయ్ పోక్ ఎలాంగ్’, అంటే మెల్లగా ఈడుస్తూ పోతాం, అని అర్థం చెప్పారు. పనికిమాలిన ప్రభుత్వ పని అనే అర్థంలో ‘బూన్‌డాగుల్’ అన్న మాట 1935 ఏప్రిల్‌లో న్యూయార్క్ నగర విచారణలోంచి దేశమంతా పాకింది. అసలు ఆ మాటకు స్కౌట్లు అల్లే తోలు తాడు అని అర్థం. సహాయ పథకంలో చేతిపనులు నేర్పుతున్న ఒకాయన సాక్ష్యంలో దాన్ని వాడాడు, అంతే.

ఇంతకన్నా గట్టి విమర్శ రాజకీయాలది. 1938 ఎన్నికల్లో కొన్ని రాష్ట్రాల్లో కూలీల మీద ఓట్ల కోసం, చందాల కోసం ఒత్తిడి తెచ్చారన్న ఆరోపణలు రుజువు కావడంతో, మరుసటి ఏడాది ప్రభుత్వ సిబ్బంది రాజకీయ కార్యకలాపాలను కట్టడి చేసే హ్యాచ్ చట్టం వచ్చింది. ఆర్థికవేత్తల్లో మరో రకం వాదన ఉంది. ఇదే భవనాన్ని గుత్తేదారు తక్కువ ఖర్చుతో, త్వరగా కట్టేవాడని. కట్టడం మాట వరకు అది నిజమే. కానీ ఆ గుత్తేదారు ఖర్చులో, పని లేని కుటుంబాలకు ఊరు విడిగా పెట్టాల్సిన తిండి ఖర్చు కలపలేదు. కలిపి చూస్తే లెక్క అంత తేలిగ్గా తెగదు.

డబ్ల్యూపీఏ జీతం పట్టీ 1938 నవంబరులో 33 లక్షలకు చేరి, అక్కడి నుంచి తగ్గుతూ వచ్చింది. మొత్తం మీద 85 లక్షల మంది ఏదో ఒక కాలంలో అందులో పనిచేశారు. 1941 దాకా అయిన 1,140 కోట్ల డాలర్ల ఖర్చులో రోడ్లకు 400 కోట్లు మించి, ప్రభుత్వ భవనాలకు 100 కోట్లు మించి పోయాయి. యుద్ధ పరిశ్రమలు మనుషుల కోసం వెతుక్కునే రోజులు రావడంతో 1943లో సంస్థను మూసేశారు.

యుద్ధం తర్వాత

ఓక్లహోమాలో స్థానిక రాతితో యాభై దాకా కట్టిన సైనిక దళ భవనాలకు వెంటనే పని తగిలింది. 1940 సెప్టెంబరులో 45వ పదాతి దళాన్ని యుద్ధ సేవలోకి పిలిచినప్పుడు, ఊరి కుర్రాళ్లు తాము డాన్సులు చేసిన హాలులోనే వరసలో నిలబడి బయల్దేరారు. మిగతా ఊళ్ల సభాభవనాల్లో రేషన్ కార్డులు పంచారు, యుద్ధ బాండ్లు అమ్మారు.

1950ల తర్వాత వీటి కళ తగ్గింది. టీవీ ఇళ్లలోకి వచ్చింది. చిన్న బళ్లను కలిపేసి పెద్ద బడికి కొత్త వ్యాయామశాల కట్టారు. బల్లపరుపు కప్పులు కారడం మొదలైంది. వాకిలికి ముందే ఎత్తైన మెట్లుండటం 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం తర్వాత పెద్ద చిక్కు తెచ్చింది. సైనిక దళ భవనాలకు వేరే బెడద. నేలమాళిగల్లో ఏళ్ల తరబడి తుపాకీ గురి సాధన చేయడంతో గోడల్లోకి, దుమ్ములోకి సీసం చేరింది. ఊళ్లకు వాటిని తిరిగి ఇచ్చే ముందు ఓక్లహోమా రాష్ట్రం సీసం కడిగించాల్సి వచ్చింది. రాతిగోడలకు మాత్రం ఏమీ కాలేదు. అవి కూల్చాలన్నా ఖర్చే. చాలా భవనాలు బతికిపోవడానికి ఊరి మమకారంతో పాటు అదీ ఒక కారణం.

అమెరికాలో చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేరాలంటే సాధారణంగా కట్టడానికి యాభై ఏళ్లు నిండాలి. 1936లో కట్టిన వాటికి ఆ గడువు 1980ల నడుమ తీరింది. మిలాకా భవనం 1985లో, మోబ్రిడ్జ్ ఆడిటోరియం 1986లో అందులో చేరాయి. డబ్ల్యూపీఏ కాగితాలు జాతీయ అభిలేఖాగారంలో 69వ సంఖ్య కింద భద్రంగా ఉన్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ కేంద్రంగా నడిచే ‘లివింగ్ న్యూ డీల్’ అనే ప్రాజెక్టు ఆనాటి కట్టడాలను ఊరూరా గుర్తించి పటం మీద ఎక్కిస్తోంది, వేల సంఖ్యలో ఇప్పటికే ఎక్కాయి. మిలాకా పాత సభాభవనం ఇప్పుడు ఆ ప్రాంతపు చరిత్ర మ్యూజియం. మోబ్రిడ్జ్ హాలు పేరులో ఆస్కర్ హౌ పేరు చేరింది, ఆయన వేసిన పది చిత్రాలూ ఆ గోడల మీదే ఉన్నాయి.